నాకౌట్ ఎలుకలకి కంట్రోల్‌గా కొనుక్కొచ్చిన బ్లాక్ 6 పెట్టొచ్చా? స్ట్రెయిన్ల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

నీలిమేఘం:
అందరికీ నమస్తే, పీహెచ్‌డీ మొదటి ఏడాది నాది. మా ల్యాబ్‌లో ఎప్పుడో తయారైన ఒక నాకౌట్ లైన్ (ఒక జీన్‌ని తీసేసిన ఎలుకల వంశం) ఉంది, దాని మీదే నా ప్రాజెక్టు, సబ్జెక్టు ఇన్‌ఫ్లమేషన్. ఆ జీన్‌ని అప్పట్లో 129 అనే స్ట్రెయిన్ ఈఎస్ కణాల్లో (పిండ మూలకణాలు) తీసేశారట, తర్వాత సి57బిఎల్/6, అంటే బ్లాక్ 6 స్ట్రెయిన్ కి బ్యాక్‌క్రాస్ చేశారని (ప్రతి తరంలోనూ మళ్ళీ దానితోనే జతకట్టించడం) రికార్డులో ఉంది గానీ ఎన్ని తరాలు అన్నది సరిగ్గా రాసి లేదు. సీనియర్లేమో నాకౌట్లని వాటిలో వాటికే జతకట్టించు, కంట్రోల్‌కి సప్లయర్ దగ్గర బ్లాక్ 6 తెప్పించుకో, పని తేలిగ్గా అయిపోతుంది అంటున్నారు. రెండూ నల్లగానే ఉన్నాయి, చూస్తే తేడా తెలీదు, కానీ నాకు మనసొప్పట్లేదు. ఇన్‌బ్రెడ్ అంటే అసలు ఎంతవరకు ఒకటే అన్నట్టు? ఒక్క ఎలుకని కూడా ముట్టుకోకముందే ఇది తేల్చుకుందామని అడుగుతున్నా.

జన్యుబాట:
మంచి సమయంలో అడిగారు. ముందు మీ చివరి ప్రశ్న చూద్దాం. వరసగా 20 తరాలు అన్నాచెల్లెళ్ళని జతకడుతూ పోతే దాన్ని ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్ అంటారు, ఆ పాటికి ప్రతి ఎలుకలో దాదాపు 98.6 శాతం జీన్ స్థానాల్లో రెండు కాపీలూ ఒకటే అయిపోతాయి. మగా ఆడా తేడా వదిలేస్తే ఒక స్ట్రెయిన్‌లో ఏ రెండు ఎలుకలైనా కవలల్లాంటివే. అందుకే ఒకదాని చర్మం కోసి ఇంకోదానికి అతికిస్తే తిప్పికొట్టకుండా ఒప్పుకుంటుంది, వేరే స్ట్రెయిన్ చర్మం అయితే ఒప్పుకోదు. ఈ అతుకుల ప్రయోగాల మీదే జార్జ్ స్నెల్ కంజెనిక్ స్ట్రెయిన్లు (ఒక్క జీన్ చోటు తప్ప మిగతాదంతా ఒకటే ఉన్నవి) తయారుచేసి, అతుకుని ఒప్పుకోవాలా వద్దా తేల్చే హెచ్2 జీన్లని విడదీశాడు, అవయవ మార్పిడిలో మ్యాచింగ్ ఎందుకు కావాలో అర్థమైంది చాలావరకు అక్కడినుంచే, 1980లో నోబెల్ కూడా వచ్చింది.

ఇక మీ అసలు సమస్య. "బ్లాక్ 6 కి బ్యాక్‌క్రాస్ చేశారు" అన్నంత మాత్రాన అది బ్లాక్ 6 అయిపోదండీ. ప్రతి బ్యాక్‌క్రాస్‌కి మిగిలిన 129 భాగం సగం అవుతుంది, 10 తరాలకి మిగతా క్రోమోజోముల్లో దాదాపు ఏమీ మిగలదు, అంతవరకు నిజమే. కానీ మీరు ప్రతి తరంలోనూ నాకౌట్ ఉన్న పిల్లనే ఏరుకుంటున్నారు కదా, ఆ జీన్‌కి అటూ ఇటూ ఉన్న 129 ముక్క దాన్ని పట్టుకునే వస్తుంది. 10 తరాల తర్వాత కూడా సగటున ఓ 20 సెంటీమోర్గాన్ల (క్రోమోజోమ్ మీద దూరానికి కొలత) ముక్క మిగిలే ఉంటుంది. అందులో వందల జీన్లు ఉండొచ్చు. మీ నాకౌట్‌కీ కొన్న ఎలుకకీ తేడా కనిపించినప్పుడు అది మీ జీన్ వల్లా, పక్కనున్న 129 జీన్ వల్లా అన్నది ఎలా చెప్తారు?

కణకోట:
ఇన్‌ఫ్లమేషన్ అన్నారు కాబట్టి కాస్పేస్ కథ మీకు తెలిసి తీరాలి నీలిమేఘం గారూ, జన్యుబాట గారు చెప్పిన ప్రమాదం అచ్చంగా జరిగిన చోటు అది.

1995లో కాస్పేస్-1 (ఇన్‌ఫ్లమేషన్‌ని నడిపే ఒక ఎంజైమ్) నాకౌట్ ఎలుకలు వచ్చాయి. వాటికి పెద్ద డోసు ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని విషపదార్థం) ఎక్కించినా బతికిపోతున్నాయి, కాబట్టి సెప్టిక్ షాక్‌లో చావుకి కాస్పేస్-1 కారణం అని అందరూ అనుకున్నారు, ఏళ్ళ తరబడి దాని మీద పేపర్లు వచ్చాయి. 2011లో తేలింది ఏంటంటే, ఆ నాకౌట్ చేసిన 129 ఈఎస్ కణాల్లో పక్కనే ఉన్న కాస్పేస్-11 కి అంతకుముందే మ్యూటేషన్ ఉంది, అది పనిచెయ్యదు. రెండు జీన్లూ ఒకే క్రోమోజోమ్ మీద ఎంత దగ్గరగా ఉన్నాయంటే ఎన్ని తరాలు బ్యాక్‌క్రాస్ చేసినా విడిపోవు. అంటే అన్నాళ్ళూ అందరి చేతిలో ఉన్నది డబుల్ నాకౌట్. రెంటినీ విడదీసి చూస్తే ఎల్‌పీఎస్ చావుకి అసలు ముఖ్యమైనది కాస్పేస్-11 అని తేలింది, దాంతో కణం లోపలికి చేరిన ఎల్‌పీఎస్‌ని గుర్తుపట్టే దారి ఒకటి ఉందని కొత్త ఫీల్డే మొదలైంది.

ఇందులో ఎవరూ అశ్రద్ధగా పని చెయ్యలేదు, మంచి ల్యాబులే అన్నీ. స్ట్రెయిన్ లోపల ఏముందో అప్పటికి కనిపించలేదు, అంతే. ఇప్పుడు మనకి కనిపిస్తుంది కాబట్టి మనకి ఆ వెసులుబాటు లేదు.

తోకచివర:
కాలనీ చూసుకునే మనిషిని, నా వైపునుంచి చెప్తా.

సీనియర్లు చెప్పిన పద్ధతి చెయ్యకండి దయచేసి. నాకౌట్ × నాకౌట్ అలా విడిగా నడుపుతూ పోతే మీ లైన్ తనంతట తాను వేరే దారి పట్టేస్తుంది. ప్రతి తరంలోనూ కొత్త మ్యూటేషన్లు పుడతాయి, చిన్న కాలనీలో అవి ఊరికే నిలబడిపోతాయి, జెనెటిక్ డ్రిఫ్ట్ అనేది అదే. హెటిరోజైగస్ × హెటిరోజైగస్ (జీన్ ఒక కాపీ మాత్రమే పోయినవి, క్లుప్తంగా హెట్) కట్టండి, ఒకే కాన్పులో నాకౌట్, హెట్, వైల్డ్‌టైప్ (రెండు కాపీలూ మామూలుగా ఉన్నవి) మూడూ వస్తాయి, ఆ వైల్డ్‌టైప్ లిట్టర్‌మేట్లే మీ కంట్రోల్స్. అదే తల్లి, అదే పంజరం, అదే బెడ్డింగ్, కడుపులో బ్యాక్టీరియా కూడా అదే. నలుగురిలో ఒక్కటే నాకౌట్ వస్తుంది, పంజరాలు ఎక్కువ కావాలి, జెనోటైపింగ్ ఖర్చు ఉంటుంది, అది నిజం. కానీ ఆ ఖర్చు తప్పించుకుంటే వచ్చే డేటా దేనికీ పనికిరాకపోవచ్చు, అప్పుడు వాడిన ఎలుకలన్నీ వృథా. ఒక్కో ప్రాణం లెక్కలోకి వచ్చే చోట అది చిన్న విషయం కాదు నా దృష్టిలో.

బ్యాక్టీరియా అని ఊరికే అనలేదు. రెండు సప్లయర్ల దగ్గరి బ్లాక్ 6 ల పేగుల్లో టీహెచ్17 అనే రోగనిరోధక కణాల సంఖ్య బాగా తేడా ఉండేది, జీన్లు చూస్తే ఆ తేడాకి కారణం కనపడదు. 2009లో తేలింది, ఒకరి ఎలుకల్లో సెగ్మెంటెడ్ ఫిలమెంటస్ బ్యాక్టీరియా ఉంది, ఇంకొకరి వాటిలో లేదు. ఇన్‌ఫ్లమేషన్ చదివేవాళ్ళకి ఇది నేరుగా తగిలే విషయం.

నీలిమేఘం:
కాస్పేస్ సంగతి చదివి కాసేపు అలా ఉండిపోయాను. చాలా థాంక్స్. లిట్టర్‌మేట్లే ఫిక్స్. ఇంకోటి, బ్లాక్ 6 లోనే జె అని, ఎన్ అని రాస్తుంటారు పేపర్లలో, కొందరు ఏదీ రాయరు. అంత పెద్ద తేడానా అది?

జన్యుబాట:
పెద్ద తేడానే. జె అంటే జాక్సన్ లేబొరేటరీ లైన్, ఎన్ అంటే 1951లో అక్కడినుంచి అమెరికా ఎన్ఐహెచ్‌కి వెళ్ళి అక్కడ విడిగా పెరిగిన లైన్. అప్పట్నించీ దేని దారి దానిదే. జె లో ఎన్‌ఎన్‌టి అనే మైటోకాండ్రియా జీన్‌లో కొన్ని ఎక్సాన్లు ఊడిపోయాయి, దాని ప్రభావం గ్లూకోజ్ టాలరెన్స్ మీద పడుతుందని చూపించారు, కాబట్టి డయాబెటిస్, మెటబాలిజం పని చేసేవాళ్ళు చూసుకోవాలి. ఎన్ లో సీఆర్‌బి1 జీన్‌లో ఆర్‌డి8 అనే మ్యూటేషన్ ఉంది, రెటీనా పాడవుతుంది, కంటి మీద పని చేసేవాళ్ళు దాన్ని తమ నాకౌట్ వల్ల వచ్చిన జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. కొకైన్‌కి ఈ రెండూ స్పందించే తీరు కూడా వేరు, 2013లో దాన్ని సివైఎఫ్‌ఐపి2 జీన్ దాకా తీసుకెళ్ళారు. పైగా ప్రపంచవ్యాప్తంగా జరిగిన పెద్ద నాకౌట్ ప్రాజెక్టుకి వాడిన ఈఎస్ కణాలు ఎన్ వి, 2002లో వచ్చిన రిఫరెన్స్ జీనోమేమో జె ది.

ఇంకా బాధ కలిగించే ఉదాహరణ ఉంది. పార్కిన్సన్స్ మీద పనిచేసేవాళ్ళకి ఆల్ఫా సిన్యూక్లీన్ ప్రాణం లాంటి ప్రోటీన్ కదా, ఒక సప్లయర్ దగ్గరున్న బ్లాక్ 6 సబ్‌స్ట్రెయిన్‌లో ఆ జీనే మొత్తం ఎగిరిపోయి ఉందని 2001లో బయటపడింది. ఎలుకలు మామూలుగానే తిరుగుతాయి, తింటాయి, పిల్లల్ని పెడతాయి, ఎవరికి అనుమానం వస్తుంది?

అందుకే మెథడ్స్‌లో పూర్తి పేరు, ల్యాబ్ కోడ్‌తో సహా రాయాలి. "సి57 ఎలుకలు వాడాము" అని వదిలేసిన పేపరు కనిపిస్తే రివ్యూలో నేను వెనక్కి పంపేస్తా.

చీకటిగది:
బిహేవియర్ వాళ్ళం మేము, మా బాధ ఇంకో రకం 🙂 మీకు పనికొస్తుందని రాస్తున్నా.

సి3హెచ్, ఎఫ్‌విబి ఈ రెండు స్ట్రెయిన్లలోనూ ఆర్‌డి1 మ్యూటేషన్ ఉంది, తల్లి పాలు మాన్పించే వయసుకే దాదాపు గుడ్డివి అయిపోతాయి. వాటిని వాటర్ మేజ్‌లో (గోడమీద గుర్తులు చూసి దారి కనుక్కోవాల్సిన నీళ్ళ తొట్టి) వేసి దారి గుర్తుపెట్టుకోలేదు, మెమరీ పోయింది అని రాస్తే ఏం చెప్పాలి, గోడమీద గుర్తులు వాటికి కనపడనే కనపడవు. ఎఫ్‌విబి ని ట్రాన్స్‌జెనిక్ తయారీకి వాడేది వేరే కారణానికి, దాని గుడ్డులో ప్రోన్యూక్లియస్ పెద్దగా ఉంటుంది, సూదితో డీఎన్‌ఏ పెట్టడం సులువు, కాన్పుకి పిల్లలు కూడా ఎక్కువ. అక్కడ తయారైన లైన్‌ని తీసుకొచ్చి అలాగే మెమరీ పరీక్షలో పెట్టేస్తారు చాలామంది.

బ్లాక్ 6 కి చూపు బాగానే ఉంటుంది గానీ వయసు పెరిగేకొద్దీ వినికిడి పోతుంది, సీడీహెచ్23 అనే జీన్ వల్ల. డిబిఎ/2 కి ఇంకా చిన్నప్పుడే మొదలవుతుంది, అదే డిబిఎ/2జె కి పెద్దయ్యాక గ్లాకోమా వస్తుంది కాబట్టి కంటి ప్రెషర్ చదివేవాళ్ళకి అది చాలా ఉపయోగం. బ్లాక్ 6 ఆల్కహాల్ కలిపిన నీళ్ళు ఇష్టంగా తాగుతుంది, డిబిఎ/2 దగ్గరికి కూడా రాదు, వ్యసనం మీద జీన్లు వెతకడానికి ఆ జంట దశాబ్దాలుగా పనికొస్తోంది. అంటే లోపం అనిపించేదే ఇంకొకరికి మోడల్.

ఇంకో ముక్క. 1999లో మూడు ల్యాబులు కలిసి ఒకే స్ట్రెయిన్లు, ఒకే పరికరాలు, ఒకే టైమ్‌టేబుల్ పెట్టుకుని ఒకేసారి బిహేవియర్ పరీక్షలు చేశాయి, వీలైనంతవరకు అన్నీ సమానం చేశారు, అయినా కొన్ని పరీక్షల్లో ల్యాబుకో ఫలితం వచ్చింది. 2014లో వచ్చిన ఇంకో పేపర్లో అయితే ప్రయోగం చేసేది మగవాళ్ళైతే ఆ వాసనకే ఎలుకలకి స్ట్రెస్ వచ్చి నొప్పి స్పందన తగ్గుతోందని చూపించారు. జీన్లు ఒకటే చేసినంత మాత్రాన అంతా చేతిలోకి వచ్చేసినట్టు కాదు.

రాత్రిషిఫ్ట్:
నేను ఐసీయూలో పనిచేసే డాక్టర్ని, పరిశోధన నా వృత్తి కాదు, మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి. ఇదంతా చదివాక నాకు వచ్చిన ప్రశ్న సూటిగా అడుగుతా. సెప్సిస్‌కి ఎలుకల్లో పనిచేసిన మందులు ఎన్నో వచ్చాయి, మా పేషెంట్ల దగ్గరికొచ్చేసరికి ఒకటీ నిలబడలేదు. 2013లో ఒక పెద్ద పేపరు వచ్చింది కదా, కాలిన గాయాలు, దెబ్బలు, ఎండోటాక్సిన్ (మీరనే ఎల్‌పీఎస్ అదే), ఈ మూడింట్లోనూ ఎలుకల జీన్ స్పందన మనుషులతో పోలడం లేదని. ఒకే రకం ఎలుక మీద ఇంత ఆధారపడటం సరైనదేనా అసలు? నా కళ్ళ ముందు మనుషులు పోతుంటే ఈ ప్రశ్న నన్ను వదలదు.

కణకోట:
డాక్టర్ గారూ, అడగాల్సిన ప్రశ్నే. ఆ పేపరు డేటానే తీసుకుని వేరే పద్ధతిలో లెక్కేసి పోలిక బాగానే ఉందని 2015లో అచ్చయిన ఇంకో పేపరు చెప్పింది, కాబట్టి ఎలుకలు దండగ అని తేలిపోలేదు, వాదన ఇంకా ఉంది. నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకోటి, ఆ 2013 పేపర్లో ఎలుకలు బ్లాక్ 6 జె మాత్రమే. అటువైపు రకరకాల మనుషులు, ఇటువైపు ఒక్క జెనోటైపు. అందులో రాని స్పందన ఇంకో స్ట్రెయిన్‌లో వచ్చేదేమో ఆ డేటాతో చెప్పలేం.

స్ట్రెయిన్ మారితే జబ్బు ఎంత తలకిందులవుతుందో చూడండి. లీష్మేనియా మేజర్ పరాన్నజీవిని బ్లాక్ 6 కి ఎక్కిస్తే టీహెచ్1 స్పందన (టీహెచ్1, టీహెచ్2 రెండు రకాల రోగనిరోధక కణాలు) వస్తుంది, పుండు మానిపోతుంది. బాల్బ్/సి కి ఎక్కిస్తే టీహెచ్2 వైపు పోతుంది, జబ్బు ఒళ్ళంతా పాకి చచ్చిపోతుంది. క్రిమి అదే, డోసు అదే. టీహెచ్1, టీహెచ్2 అనేవి నిజమైన జబ్బులో ఏం చేస్తాయో ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా ఈ రెండు స్ట్రెయిన్లని పక్కపక్కన పెట్టడం వల్లే. ఒక్కదాంట్లోనే చేసి ఉంటే సగం కథే తెలిసేది.

మీ సెప్సిస్ సంగతికే వద్దాం. సి3హెచ్/హెచ్ఈజె అనే స్ట్రెయిన్‌కి ఎల్‌పీఎస్ ఎక్కించినా చలనం ఉండదు, దాని దగ్గరి చుట్టాలైన మిగతా సి3హెచ్ లు మామూలుగానే స్పందిస్తాయి. ఆ ఒక్క తేడా పట్టుకుని బ్రూస్ బాయిట్లర్ బృందం ఏళ్ళ తరబడి జీన్ కోసం తవ్వి 1998లో టీఎల్ఆర్4 దగ్గర తేలింది, ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది అంతే. మనిషి కణాలు కూడా బ్యాక్టీరియా ఎల్‌పీఎస్‌ని పట్టుకునేది ఆ రిసెప్టర్‌తోనే. 2011 నోబెల్ అందుకే. మందు ఇంకా రాలేదు, ఒప్పుకుంటా, కానీ ఐసీయూలో ఆ శరీరం లోపల ఏం జరుగుతోందో మనకి తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఆ ఎలుకదే.

జన్యుబాట:
దీనికి కలుపుతా, ఎందుకంటే నాకు అన్నిటికన్నా నచ్చే ప్రయోగం ఇది. జాక్సన్ ల్యాబ్‌లో తిని తిని బొద్దుగా అయిపోయే రెండు రకాల మ్యూటెంట్లు దొరికాయి, 1949లో ఓబి, 1966లో డిబి. డగ్లస్ కోల్‌మన్ ఎలుకల్ని జంటలుగా కలిపి కుట్టి రక్తం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయేలా చేశాడు. డిబి తో మామూలు ఎలుకని కలిపితే మామూలుది తిండి మానేసి చచ్చిపోయింది. డిబి తో ఓబి ని కలిపితే ఓబి తిండి మానేసింది. ఓబి తో మామూలుదాన్ని కలిపితే రెండూ బతికాయి, ఓబి తిండి తగ్గించింది. దీన్నుంచి ఆయన ఊహించింది, ఓబి లో కడుపు నిండిందని చెప్పే పదార్థం తయారవదు, డిబి లో అది బోలెడు తయారవుతుంది గానీ అందుకునే రిసెప్టర్ లేదు అని. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ల్యాబ్ ఓబి జీన్‌ని పట్టుకుంది, లెప్టిన్ అదే, మరుసటి ఏడాది రిసెప్టర్ కూడా దొరికింది, ఊహించినట్టే. పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లలకి ఇవాళ లెప్టిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది.

గమనించండి, జతచేసిన ఎలుకలు ఒకదాన్నొకటి తిప్పికొట్టకుండా ఉండాలంటే జీన్లు కలవాలి. ఇన్‌బ్రెడ్ లేకపోతే ఆ కుట్టు నిలబడేదే కాదు.

ఇంకో సంగతి కూడా కోల్‌మనే చూపించాడు. అదే ఓబి మ్యూటేషన్ బ్లాక్ 6 లో ఉంటే షుగర్ కొంచెమే పెరుగుతుంది, ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్లు పెద్దవై నెట్టుకొస్తాయి. సి57బిఎల్‌కెఎస్ అనే చుట్టం స్ట్రెయిన్‌లోకి మారిస్తే ఐలెట్లు చచ్చిపోయి తీవ్రమైన డయాబెటిస్ వచ్చి త్వరగా పోతుంది. ఒకే మ్యూటేషన్, రెండు జబ్బులు. ఒకే లోపం ఉన్న ఇద్దరు పేషెంట్లలో ఒకరికి ఎక్కువగా, ఒకరికి తక్కువగా ఎందుకొస్తుందో మీరు రోజూ చూస్తుంటారు కదా డాక్టర్ గారూ, దాని జవాబు కొంత ఇక్కడుంది.

రాత్రిషిఫ్ట్:
లెప్టిన్ పిల్లల కేసులు పుస్తకంలో చదివాను గానీ వెనకాల ఈ కథ ఉందని తెలీదు. థాంక్యూ. మరి మనుషుల్లో ఉన్నంత తేడా ఎలుకల్లో తేవడానికి ఎవరైనా ఏమైనా చేస్తున్నారా?

జన్యుబాట:
చేశారు, కొలాబరేటివ్ క్రాస్ అని. ఎనిమిది స్ట్రెయిన్లని కలిపారు, ఏ/జె, బ్లాక్ 6, 129, డయాబెటిస్ వచ్చే నాడ్, ఒళ్ళు చేసే ఎన్‌జెడ్ఓ, వీటితో పాటు అడవి ఎలుకల నుంచి వచ్చిన క్యాస్ట్, పిడబ్ల్యుకె, డబ్ల్యుఎస్‌బి. వాటి సంకరాల నుంచి మళ్ళీ కొత్త ఇన్‌బ్రెడ్ లైన్లు తీశారు. ఎబోలా విషయంలో దీని విలువ బయటపడింది, ఎలుకలకి సోకేలా అలవాటు చేసిన ఎబోలాని మామూలు ల్యాబ్ ఎలుకలకి ఎక్కిస్తే చచ్చిపోతాయి గానీ మనుషుల్లో వచ్చే రక్తస్రావం రాదు. 2014లో ఈ కొత్త ఎలుకల్లో చూస్తే కొన్ని లైన్లు పూర్తిగా తట్టుకున్నాయి, కొన్నింటికి రక్తస్రావంతో చావు, మధ్యలో అన్ని మెట్లూ ఉన్నాయి. పైగా ఏ లైన్‌నైనా మళ్ళీ తెప్పించుకుని అదే ఫలితం వస్తుందో లేదో చూసుకోవచ్చు, అది మనుషుల్లో కుదిరే పని కాదు.

తోకచివర:
చరిత్ర మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పకపోతే నాకు తోచదు. మనందరం వాడే ఈ బ్లాక్ 6 వెనకాల ఉన్నది యాబీ లాత్రాప్. మసాచుసెట్స్‌లోని గ్రాన్బీలో ఉండేది, టీచరుగా పనిచేసి మానేశాక పెంపుడు ఎలుకల ఫారం పెట్టింది, ల్యాబులకి అమ్మేది. కొన్ని ఎలుకలకి చర్మం మీద గడ్డలు వస్తున్నాయని గమనించి లియో లోయెబ్ అనే పాథాలజిస్టుకి పంపింది, అవి క్యాన్సర్ అని తేలింది, ఇద్దరూ కలిసి పేపర్లు రాశారు, ఏ వంశంలో ఎక్కువ గడ్డలు వస్తాయో తన రికార్డుల్లో రాసి పెట్టుకునేది. 1918లో పోయింది. ఆమె స్టాక్‌లోని 57వ నంబరు ఆడ ఎలుక నుంచి క్లారెన్స్ కుక్ లిటిల్ 1921లో మొదలుపెట్టిందే సి57. లిటిల్ అంతకుముందే 1909లో డిబిఎ మొదలుపెట్టాడు, మొట్టమొదటి ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్ అది, 1929లో జాక్సన్ ల్యాబ్ స్థాపించిందీ ఆయనే. ఆయన పేరు అన్ని చోట్లా ఉంటుంది, ఆమె పేరు ఉండదు, పంజరాలు శుభ్రం చేసి రికార్డులు రాసేవాళ్ళకి సైన్సులో ఎప్పుడూ ఇదే జరుగుతుంది. నాకు దానిమీద కోపం ఉంది.

1947 మంటల్లో జాక్సన్ ల్యాబ్ ఎలుకలు దాదాపు అన్నీ పోతే, అంతకుముందు అక్కడినుంచి తెచ్చుకున్న ల్యాబులే తిరిగి పంపి నిలబెట్టాయి. ఇప్పుడైతే ఎంబ్రియోలు ఫ్రీజ్ చేసి పెడుతున్నారు, 1972 నుంచీ ఆ పద్ధతి ఉంది. నీలిమేఘం గారూ మీ లైన్‌ది కూడా స్పెర్మ్ ఫ్రీజ్ చేయించండి ముందు, ఆ తర్వాతే మిగతా పని.

నీలిమేఘం:
లాత్రాప్ గురించి మొదటిసారి వింటున్నా, నిజంగా థాంక్స్.

మా గైడ్‌తో మాట్లాడాను. తోక ముక్కలు ఎస్ఎన్‌పి ప్యానెల్‌కి (డీఎన్‌ఏలో స్ట్రెయిన్‌ని బట్టి మారే చోట్లని చూసే పరీక్ష) పంపుతున్నాం, ఎంత 129 మిగిలిందో, జె నా ఎన్ నా తేలుతుంది. మిగిలింది ఎక్కువుంటే మార్కర్లు చూసుకుంటూ స్పీడ్ కంజెనిక్ చేద్దామన్నారు, 10 తరాలు అక్కర్లేదు 5 లో అయిపోవచ్చట. తర్వాత హెట్ × హెట్, లిట్టర్‌మేట్లు, ఆడా మగా రెండూ. ఆఖరి ప్రశ్న, కాస్పేస్-11 విడిగా చూడాలా, ఎస్ఎన్‌పి ప్యానెల్‌లో తెలిసిపోతుందా?

కణకోట:
విడిగా చూడండి. ప్యానెల్‌లో మార్కర్లు దూరదూరంగా ఉంటాయి, చిన్న 129 ముక్క మధ్యలో ఇరుక్కుంటే కనపడకపోవచ్చు. ఎలుకలో ఆ జీన్ 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 129 లో ఉన్నది 5 బేసుల డిలీషన్, ఆ చోటు మీద పీసీఆర్ చేసి సీక్వెన్స్‌కి ఇస్తే తేలిపోతుంది. మీ జీన్ కూడా 9 మీదే ఉందంటే ఇంకా జాగ్రత్త. ఒక మాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే రోగనిరోధక కణం) పరీక్ష కూడా కలపండి, నాకౌట్, వైల్డ్‌టైప్ లిట్టర్‌మేట్ రెంటి బోన్ మ్యారో నుంచీ మాక్రోఫేజ్‌లు పెంచి ఎల్‌పీఎస్ ఇచ్చి వెస్టర్న్‌లో (ప్రోటీన్ ఉందో లేదో చూపించే పరీక్ష) కాస్పేస్-11 బ్యాండ్ వస్తోందో లేదో చూడండి, పక్కనే 129 ది ఒక శాంపిల్ పెట్టుకోండి నెగెటివ్ కంట్రోల్‌గా. దొరక్కపోతే అడగండి, మా ఫ్రీజర్‌లో 129 లైసేట్ (కణాల్ని పగలగొట్టి తీసిన ద్రవం) ఉంది.